బండికి బాట వేశారు.. నడిచేవాడికి దారేది?

హైవే పల్లెల్లో దినదిన గండం
వేగానికి కళ్లెం వేస్తేనే ప్రాణాలకు భద్రత
ముందు కదలాల్సింది గ్రామసభలే

ఊరు ఒక దిక్కు, పొలాలు ఒక దిక్కు. నడుమ నాలుగు వరుసల రోడ్డు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చౌటుప్పల్ మొదలుకొని కోదాడ వరకు జాతీయ రహదారి పక్కనున్న చాలా పల్లెల పరిస్థితి ఇదే. సద్దిమూటతో నాట్లకు పోయే కూలీ అయినా, సైకిల్‌కు పాల క్యాన్లు తగిలించుకుని పాలకేంద్రానికి పోయే రైతు అయినా, పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బడికి పోయే పిల్లవాడయినా ఆ రోడ్డు దాటక తప్పదు. క్షేమంగా దాటిన ప్రతిసారీ ఒక గండం గట్టెక్కినట్టే లెక్క. పొద్దుగూకి దీపాలు పెట్టే వేళకు మనిషి రాకపోతే ఇంట్లోవారి చూపు ముందుగా రోడ్డు వైపే పోతుంది.

రోడ్డు మీద పోయిన ప్రాణాన్ని ఖర్మ కింద జమకట్టడం మన పల్లెల్లో అలవాటైపోయింది. నూకలు చెల్లాయని, చూసుకుని దాటాల్సిందని నాలుగు మాటలు అనుకుని ఊరుకుంటున్నారు. దినాలు కాకముందే అదే చోట మరో బండి అదే వేగంతో దూసుకుపోతుంది. నిజానికి ఈ చావుల్లో చాలావాటికి కారణం తలరాత కాదు. ఊరి మధ్య ఎంత వేగాన్ని అనుమతిస్తున్నాం, నడిచేవాడికి ఎంత జాగా మిగులుస్తున్నాం అన్నదే అసలు సంగతి. ఈ రెండూ మనుషులు చేసిన ఏర్పాట్లే. మనుషులే మార్చుకోగలరు.

9వ నంబరు 65 అయింది

ఈ దారి నిన్నమొన్నటిది కాదు. పుణె నుంచి షోలాపూర్, హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం పోయే ఈ రహదారిని పాతతరం వారు ఇప్పటికీ 9వ నంబరు రోడ్డు అనే పిలుస్తారు. 2010లో దేశమంతటా జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు ఇది 65వ నంబరు అయింది. ఆ తర్వాత 2012 నాటికి హైదరాబాద్–విజయవాడల మధ్య నాలుగు వరుసలుగా విస్తరించి, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు వద్ద టోల్ గేట్లు పెట్టారు.

రోడ్డు వెడల్పయినందువల్ల మేలు జరగలేదని ఎవరూ అనరు. బత్తాయి లోడు తెల్లారేసరికి మార్కెట్ చేరుతోంది. మిర్యాలగూడ బియ్యం లారీలకు దూరాభారం తగ్గింది. ఆపదలో ఉన్న మనిషిని పట్నం ఆసుపత్రికి తీసుకుపోవడం సులువయింది. అయితే ఈ లెక్కంతా చక్రం వైపు నుంచి వేసినదే. చక్రం నిలువుగా పోతుంది, పల్లె మనిషి అడ్డంగా దాటుతాడు. నిలువుగా పోయేవారికి గంటలు కలిసివచ్చాయి. అడ్డంగా దాటేవారి సంగతి చాలాచోట్ల వెనకబడిపోయింది.

సంక్రాంతి ముందు రోజుల్లో పట్నం నుంచి ఆంధ్ర వైపు బండ్లు బారులు తీరినప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పండుగకు పోయేవారి కార్లు ఒకదాని వెనుక ఒకటి సాగిపోతుంటే, రోడ్డు పక్క ఊరివారు ఇవతలి నుంచి అవతలికి పోవడానికి సందు కోసం కాచుకుని నిలబడాలి.

లెక్కలు చెబుతున్న నిజం

కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన వివరాల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవారు. అంటే రోజుకు 90 మంది లెక్కన నడిచేవారే నేలకొరిగారు. సైకిల్ తొక్కుతూ ప్రాణాలు కోల్పోయినవారు 4,800 మందికి పైగా ఉన్నారు. బస్సు ఎక్కలేదు, కారు కొనలేదు, బండి వేగంతో వీరికి సంబంధమే లేదు. అయినా ఆ వేగానికి మూల్యం చెల్లించినవారు వీరే.

రోడ్డు ప్రమాదాలంటే పట్నం గొడవ అనుకోవడం కూడా పొరపాటు. అదే ఏడాది మొత్తం మరణాల్లో దాదాపు 68 శాతం పల్లె ప్రాంతాల్లోనే జరిగాయి. పట్నంలో బండ్లు ఎక్కువైనా రద్దీ వల్ల వేగం తక్కువ. పల్లె రోడ్డు ఖాళీగా, నున్నగా ఉంటుంది. చూసేవాడు ఉండడు, ఆపేవాడు ఉండడు. మరణాలకు దారితీసిన కారణాల్లో అతివేగానిదే పెద్ద వాటా. 2022 మరణాల్లో 71 శాతం దాని ఖాతాలోనే పడ్డాయి.

ఏడు సెకన్ల గండం

నాలుగు వరుసల రోడ్డులో డివైడర్‌కు ఒక వైపున్న దారి వెడల్పు 7 మీటర్లు. పక్కన వేసిన తారు అంచు కూడా కలిస్తే సుమారు 8.5 మీటర్లు. మామూలుగా నడిచే మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడు. అంటే ఒక వైపు దాటడానికి 7 సెకన్లు పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 7 సెకన్లలో దాదాపు 200 మీటర్లు వస్తుంది. కాబట్టి రోడ్డు మీద అడుగుపెట్టే ముందు 200 మీటర్ల అవతల ఉన్న బండి వేగాన్ని సరిగ్గా అంచనా కట్టగలగాలి.

నెత్తిన గడ్డిమోపు ఉన్న ముసలమ్మ సంగతేమిటి? ఆమెకు 10, 11 సెకన్లు పట్టవచ్చు. అప్పుడు 300 మీటర్ల అవతలి బండిని కూడా లెక్కలో వేసుకోవాలి. ఆమె కళ్లు అంత దూరం ఆనవు. ఆరేడేళ్ల పిల్లలకు ఎదురుగా వచ్చే బండి వేగాన్ని పోల్చుకునే తెలివి ఇంకా పూర్తిగా రాదు. ఇంత చేసి డివైడర్ ఎక్కితే సగం గండమే గడిచినట్టు. అవతలి వైపు మళ్లీ మొదటి నుంచీ లెక్క మొదలవుతుంది.

చీకటి పడితే పరిస్థితి మరీ ఘోరం. డిమ్ లైటు వెలుగులో డ్రైవరుకు 40, 50 మీటర్లకు మించి రోడ్డు సరిగా కనబడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, డ్రైవరు మనిషిని చూసి బ్రేకు వేసి పూర్తిగా ఆగేసరికి 60 మీటర్లు దాటిపోతుంది. వీధి దీపం లేని స్టేజీ దగ్గర, నల్లటి గొంగడి కప్పుకుని దాటే మనిషి డ్రైవరు కంటపడేసరికే ఆలస్యమైపోతుంది. అక్కడ డ్రైవరు మంచివాడా చెడ్డవాడా అన్న మాటకు తావే ఉండదు.

30కీ 60కీ ఎంత తేడా?

వేగం రెట్టింపయితే ప్రమాదం కూడా రెట్టింపే అవుతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఊరి మధ్య గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు అడ్డంగా ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడనుకుందాం. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుంది. ఆలోగా బండి 8 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో 6 మీటర్లు. మొత్తం 14 మీటర్లలో ఆగిపోతుంది. పిల్లవాడు 15 మీటర్ల దూరంలో ఉంటే బతికి బయటపడతాడు.

అదే కారు 60 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే? డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరేలోగానే 16 మీటర్లు దాటుతుంది. అంటే బ్రేకు పడకముందే, ఏమాత్రం వేగం తగ్గకుండానే పిల్లవాడిని ఢీకొంటుంది. అదే పిల్లవాడు, అదే డ్రైవరు, అదే రోడ్డు. తేడా వేగంలోనే ఉంది. తడి రోడ్డయినా, బండి వడ్ల లోడుతో ఉన్న లారీ అయినా ఆగే దూరం ఇంకా పెరుగుతుంది.

సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనుషులు, బండ్లు కలిసి తిరిగే చోట వేగం 30 కిలోమీటర్లు దాటకుండా చూడాలని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన రహదారి భద్రత మహాసభ ప్రకటించింది. ఊరి బడి ముందు, గుడి ముందు, బస్ స్టేజీ దగ్గర ఆ నియమం పాటిస్తే బండివాడికి పోయేది ఒక నిమిషం. కిలోమీటరు దూరం 60తో పోతే 1 నిమిషం, 30తో పోతే 2 నిమిషాలు. ఆ ఒక్క నిమిషానికి ప్రాణాన్ని బదులు పెట్టడం ఏ లెక్కన న్యాయం?

తప్పంతా దాటేవాడిదేనా?

ప్రమాదం జరగగానే అందరూ అనే మాట ఒకటే. డివైడర్ ఎందుకు ఎక్కాడు? రాంగ్ రూట్‌లో ఎందుకు వచ్చాడు? అడగవలసిన మాటే. కానీ జవాబు కూడా వెతకాలి. బాయికాడికి పోవాల్సిన రైతు పొలం ఎదురుగానే కనబడుతుంది. సక్రమంగా పోవాలంటే యూటర్న్ కోసం కిలోమీటర్ల కొద్దీ పోయి తిరిగి రావాలి. టీవీఎస్ బండి ఉన్నవాడు పెట్రోలుకు వెనకాడి ఎదురుదారి పడతాడు. సైకిల్‌వాడికి, నడిచేవాడికి ఆ చుట్టు తిరగడం అయ్యే పని కాదు. అందుకే డివైడర్ మధ్య సందు చేసుకుని దాటుతున్నారు. అవసరం ఉన్నచోట దారి ఇవ్వకపోతే మనిషి తనకు తానే దారి చేసుకుంటాడు. ఆ దారి ప్రమాదకరమైతే తప్పు అతడి ఒక్కడి నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం ధర్మం కాదు.

ఈ సంగతి ప్రభుత్వ యంత్రాంగం గుర్తించకపోలేదు. హైదరాబాద్–విజయవాడ రహదారిపై 17 చోట్లను తరచూ ప్రమాదాలు జరిగే బ్లాక్ స్పాట్లుగా తేల్చి, 2024లో దిద్దుబాటు పనులు చేపట్టారు. పెద్దకాపర్తి, చిట్యాల, టేకుమట్ల, దురాజ్‌పల్లి, ముకుందాపురం, ఆకుపాముల, కొమరబండ వంటి ఊళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు వస్తే ఊరి జనం బండ్లకు అడ్డుపడకుండా కింది నుంచి పోవచ్చు. అయితే అండర్‌పాస్ కట్టినంత మాత్రాన పని అయిపోదు. వానకాలం నీళ్లు నిలిచినా, రాత్రిపూట దీపం వెలగకపోయినా ఆడవారు, పిల్లలు అందులోంచి పోవడానికి జంకుతారు. మళ్లీ పైనుంచే దాటుతారు. నీరు పోయే మోరి, వెలిగే దీపం కూడా అండర్‌పాస్‌లో భాగమేనని గుర్తించాలి.

పెద్దగట్టు చెప్పే పాఠం

రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గట్టు హైవే పక్కనే ఉంది. లక్షల మంది భక్తులు గంపలతో, బోనాలతో తరలివస్తారు. ఆ ఐదు రోజులు నడిచేవారికి ఆపద రాకుండా అధికారులు హైవే మీది వాహనాలను వేరే దారుల్లో మళ్లిస్తారు. పోలీసులు అడుగడుగునా కాపలా ఉంటారు.

దీన్నిబట్టి ఒక సంగతి తేటతెల్లమవుతోంది. తలచుకుంటే ఎంత పెద్ద రోడ్డునయినా నడిచేవాడికి అనుకూలంగా మలచవచ్చు. జాతర ఐదు రోజులు హైవేనే దారి మళ్లించగల యంత్రాంగానికి, మిగిలిన రోజుల్లో ఒక బడి ముందు వేగం తగ్గించడం అసాధ్యమేమీ కాదు. అడిగేవారు లేకపోవడమే లోటు.

ఊరి రోడ్లూ తక్కువ తినలేదు

హైవే పక్కన లేని ఊళ్లు నిశ్చింతగా ఉన్నాయనుకోరాదు. మట్టిబాటల చోట తారు పడింది. తారుతో పాటు వేగమూ వచ్చింది. గుంతల రోడ్డు మీద మెల్లగా వచ్చిన బండి ఇప్పుడు మూలమలుపు వద్ద కూడా వేగం తగ్గించడం లేదు.

పల్లె రోడ్లకు ఫుట్‌పాత్ ఉండదు. నడిచేవాడికి మిగిలింది తారు అంచున ఉన్న మట్టి జాగాయే. ఆ జాగాను సర్కారు తుమ్మ కంప కమ్మేసింది. వానలకు మట్టి కొట్టుకుపోయి తారు అంచు జానెడు ఎత్తున తేలింది. వెనక నుంచి లారీ హారన్ కొడితే సైకిల్‌వాడు కిందికి దిగలేడు, పైన ఉండలేడు. కోతల కాలంలో రోడ్డు సగానికి వడ్లు పోసి, చుట్టూ బండరాళ్లు పెడతారు. రాత్రి వడ్లు ఎత్తుకుపోయినా రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. చీకట్లో వాటికి తగిలి పడినవారు ప్రతి సీజన్‌లోనూ ఉంటున్నారు. ఆరబెట్టే రైతుకు కల్లం లేక రోడ్డెక్కాడన్నది నిజమే. కానీ ఆ రాయికి తగిలి కాలు విరిగేది కూడా మరో రైతుకే. వెనక ఎర్ర దీపం లేని ట్రాక్టరు ట్రాలీలు, రోడ్డు మీదే నిలిపిన గడ్డి బండ్లు మరో ముప్పు.

బంపుకూ ఒక లెక్క ఉంది

ప్రమాదం జరిగిన మర్నాడు ఆవేశంతో సిమెంటు కలిపి రోడ్డుకు అడ్డంగా గట్టు కట్టడం చాలా ఊళ్లలో ఆనవాయితీ. మనసు మంచిదే కానీ పని సరైనది కాదు. నిటారుగా, సన్నగా కట్టిన బంపు మీద బండి ఎగిరిపడుతుంది. వెనక కూర్చున్న ఆడమనిషి జారి పడితే తల పగులుతుంది. గర్భిణిని తీసుకుపోయే ఆటోకూ అదే అవస్థ.

భారత రోడ్డు కాంగ్రెస్ నిర్ణయించిన కొలతల ప్రకారం బంపు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల పొడవున గుండ్రంగా, తాబేలు వీపులా ఉండాలి. అంటే ఎత్తు బెత్తెడు, పొడవు రెండు నిలువులు. అలాంటి బంపు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి ఇబ్బంది ఉండదు. అంతకు మించి వచ్చేవాడికి మాత్రం తప్పక తగ్గించాలనిపిస్తుంది. ముందుగా హెచ్చరిక బోర్డు, బంపు మీద రాత్రి కూడా కనబడే చారలు తప్పనిసరి. జాతీయ రహదారి మీద బంపులు వేయరు. అక్కడ చిన్న చిన్న గీతల వంటి రంబుల్ స్ట్రిప్‌లు వేసి హెచ్చరిస్తారు. ఊరి రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట మాత్రం ఊరి రోడ్డు మీద బంపు వేయాలి. దాంతో పల్లె నుంచి వచ్చే బండి ఒక్కసారిగా హైవే మీదికి దూకకుండా ఆగి చూసుకుంటుంది.

తక్కువ ఖర్చు, ఎక్కువ మేలు

అన్నిటికీ కోట్లు కావాలని లేదు. స్టేజీ దగ్గర, మూలమలుపు దగ్గర ఒక్కో దీపం పెడితే రాత్రి ప్రమాదాలు చాలావరకు తగ్గుతాయి. రోడ్డు అంచున రెండు గజాల మేర కంప కొట్టి, మట్టి పోసి చదును చేస్తే నడిచేవారికి, సైకిళ్లకు జాగా దొరుకుతుంది. బడి ముందు తెల్ల చారలు, రెండు వైపులా వేగ పరిమితి బోర్డులు పెట్టాలి. బడి విడిచే వేళ ఎర్ర జెండాతో ఒక పెద్దమనిషి నిలబడినా ఎంతో మేలు.

ఎవరి జాగ్రత్త వారికీ ఉండాలి. ఫుట్‌పాత్ లేని ఊరి రోడ్డు మీద కుడి అంచున, ఎదురుగా వచ్చే బండి కనబడేలా నడవడం మంచిది. బస్సు దిగినవారు దాని ముందు నుంచి కాకుండా, బస్సు కదిలిపోయాక రెండు వైపులా చూసి దాటాలి. చీకటి వేళ తెల్ల తువాలు భుజాన వేసుకున్నా, టార్చి పట్టుకున్నా దూరం నుంచి కనబడతారు. సైకిల్ వెనక మడ్‌గార్డుకు, ట్రాలీకి, ఎడ్లబండికి ఎర్రగా మెరిసే స్టిక్కరు అంటించడానికి అయ్యే ఖర్చు కొద్దిపాటిదే.

మైనారిటీ తీరని కొడుకు చేతికి బండి తాళం ఇచ్చే తండ్రులు చట్టం తెలుసుకోవడం అవసరం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడతాయి. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

ఏ రోడ్డు ఎవరిది?

అర్జీ పట్టుకుని తిరిగి తిరిగి వేసారిపోయేవారే ఎక్కువ. రోడ్డు మాది కాదని ఒక ఆఫీసు వారంటే, మాది అసలే కాదని మరో ఆఫీసు వారంటారు. అందుకే ముందుగా రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. జాతీయ రహదారి అయితే జాతీయ రహదారుల సంస్థది. దాని మీద ఆపద వచ్చినా, దీపాలు వెలగకపోయినా 1033కు ఫోను చేయవచ్చు. రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రోడ్లు ఆర్ అండ్ బీ శాఖవి. ఊరికీ ఊరికీ నడుమ లింకు రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. ఊరి లోపలి వీధులు, వీధి దీపాలు గ్రామ పంచాయతీ బాధ్యత.

ఈ శాఖలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టే వేదిక కూడా ఉంది. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన రహదారి భద్రత కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఆదేశించింది. పోలీసు, రవాణా, ఆర్ అండ్ బీ అధికారులు అందులో ఉంటారు. ఊరి అర్జీ ఆ కమిటీ ముందుకు పోతే ఒక శాఖ మరో శాఖ మీదికి నెట్టే వీలుండదు. గ్రామసభలో తీర్మానం చేసి, ఏ చోట ఏమి కావాలో గీత గీసి చూపి, సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకుంటే ఆ కాగితానికి బలం ఉంటుంది. నోటిమాటగా అడిగినదానికీ, తీర్మానం నంబరుతో అడిగినదానికీ చాలా తేడా ఉంది.

రాజీ పడితే లెక్క తప్పుతుంది

ఇక్కడ పల్లెలు తమకు తెలియకుండానే చేసుకుంటున్న నష్టం ఒకటి ఉంది. జాతీయ రహదారి మీద 500 మీటర్ల మేర మూడేళ్లలో 5 పెద్ద ప్రమాదాలు, లేదా 10 మరణాలు జరిగితేనే దాన్ని బ్లాక్ స్పాట్‌గా లెక్కిస్తారు. ఆ లెక్క పోలీసు కేసుల నుంచే వస్తుంది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, ఎంతో కొంత ఇప్పించి, కేసు లేకుండా మాఫీ చేసిన ప్రమాదం ఆ లెక్కలోకి రాదు. కాలు విరిగినవాడికి ఆ పూటకు నాలుగు రూపాయలు దొరకవచ్చు. కానీ ఆ చోట ప్రమాదమే జరగలేదని ప్రభుత్వ కాగితం చెబుతుంది. దాంతో దీపం రాదు, బోర్డు రాదు. రేపు అక్కడ మరొకరు పడతారు.

కాబట్టి చిన్నదయినా పెద్దదయినా ప్రమాదాన్ని ఠాణాలో నమోదు చేయించాలి. పంచాయతీ ఆఫీసులో ఒక పుస్తకం పెట్టి తేదీ, వేళ, చోటు, దెబ్బల వివరాలు రాసి ఉంచితే అర్జీకి అదే సాక్ష్యం అవుతుంది. మూడేళ్ల పుస్తకం ముందు పెట్టి అడిగే ఊరికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం ఏ అధికారికీ సులువు కాదు.

తెలుసుకోవలసిన హక్కులు

కేసు నమోదయితేనే అక్కరకు వచ్చే హక్కులు మరికొన్ని ఉన్నాయి. గుద్ది ఆపకుండా పోయిన బండి జాడ తెలియకపోతే, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు ఇది 25 వేలు, 12,500 రూపాయలు మాత్రమే. దీనికి రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టుకోవాలి. తెలియక చాలా కుటుంబాలు ఈ సొమ్ము అడగడమే లేదు. రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది.

దెబ్బ తగిలినవాడిని ఆసుపత్రికి చేర్చితే కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇక అక్కరలేదు. సాయపడినవారిని వేధించరాదని 2016లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2019 చట్ట సవరణ దానికి మరింత బలం చేకూర్చింది. అదే సవరణలో మరో అంశం ఉంది. నిర్ణీత ప్రమాణాల ప్రకారం రోడ్డు కట్టనందువల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా కట్టిన కాంట్రాక్టరు, చూడవలసిన అధికార సంస్థ లక్ష రూపాయల దాకా జరిమానాకు బాధ్యులు. అంటే ప్రమాదమంటే డ్రైవరుదో, దాటేవాడిదో తప్పు మాత్రమే కాదని, రోడ్డు కట్టినవాడి తప్పు కూడా కావచ్చని చట్టమే ఒప్పుకుంది. 2025 మేలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, నడిచేవారికి ఫుట్‌పాత్ ఉండడం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని పేర్కొంది.

2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాట వేసి, ఎండ తగలకుండా పైన సోలార్ పలకల కప్పు కూడా వేశారు. మంచి పనే. పొద్దుటిపూట ఆరోగ్యం కోసం తొక్కేవారికి అంత ఏర్పాటు చేయగలిగినప్పుడు, పొట్టకూటి కోసం తొక్కే పాలవాడికి, బడికోసం తొక్కే పల్లెటూరి పిల్లకు కప్పు లేకపోయినా పరవాలేదు, రోడ్డు అంచున రెండు గజాల చదును జాగా అయినా ఇవ్వాలి కదా.

ఎవరో వచ్చి ఉద్ధరిస్తారని కూర్చుంటే మరో పది ప్రాణాలు పోయేదాకా ఆ చోటు బ్లాక్ స్పాట్ కాదు. అన్ని ప్రాణాలు పోయేదాకా ఆగవలసిన పని ఏ ఊరికీ లేదు. రాబోయే గ్రామసభలో సీసీ రోడ్డు, మంచినీళ్ల టాంకుతో పాటు బడి ముందు వేగ పరిమితి, స్టేజీ దగ్గర దీపం, రోడ్డు అంచున నడిచే జాగా అనే మూడు అంశాలనూ తీర్మానంలో రాయించాలి. వాటిని జిల్లా రహదారి భద్రత కమిటీ వెంటనే పరిశీలించి, సంబంధిత శాఖలతో పనులు చేయించాలని రహదారి పక్క పల్లెల ప్రజలు కోరుతున్నారు.